సూర్యుణ్ని అమ్మిన సిలి, తలుపు మోసిన మారిగో: డాకర్ నుంచి రెండు చిన్న సినిమాలు

పొద్దున 3:30కి హన్మకొండ చౌరస్తాలో వ్యాన్ ఆగి పేపర్ బండిళ్లు కింద పడేస్తుంది. ఆ చప్పుడుతో నా రోజు మొదలవుతుంది. 1991లో, 14 ఏళ్ల వయసులో, చేర్యాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి లైన్ బాయ్‌గా చేరాను. 11 ఏళ్లు సైకిల్ మీద పేపర్ వేశాను. తర్వాత ఏజెన్సీ తీసుకున్నాను. ఒకప్పుడు 1,100 కాపీలు పంచిన ఏజెన్సీ ఇప్పుడు 410 దగ్గర ఉంది. అందుకే మా బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చి, "బాపూ, పేపర్లు అమ్మే పిల్ల మీద ఒక సినిమా ఉంది, చూస్తవా?" అంటే వెంటనే కూర్చున్నాను. సినిమాలో పేపర్ల పనిని ఎవరు ఎట్లా చూపించినా నాకు ఎక్కడో ఒక చోట తప్పు దొరుకుతుంది. కట్ట కట్టే పద్ధతి ఉండదు, చేతికి సిరా అంటదు, పేపర్ మడత సరిగ్గా ఉండదు. ఈ సినిమాలో దొరకలేదు.

ఆ సినిమా పేరు లా పెతీత్ వాందూజ్ ద సోలెయ్. మన మాటల్లో 'సూర్యుణ్ని అమ్మిన చిన్నపిల్ల'. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో లె సోలెయ్ అని ప్రభుత్వ దినపత్రిక ఒకటి ఉంది, ఆ మాటకు అర్థం సూర్యుడు. ఆ దేశ రాజధాని డాకర్ వీధుల్లో ఆ పత్రిక అమ్మే పిల్ల కథ ఇది. తీసినాయన జిబ్రిల్ జోప్ మాంబెటీ. 1945లో డాకర్ పక్కన కొలొబాన్‌లో పుట్టాడు. నాటకాల నుంచి వచ్చాడు, సినిమా బడికి పోలేదు. చివరి రోజుల్లో 'సామాన్యుల కథలు' అని మూడు సినిమాల వరస అనుకున్నాడు. మొదటిది లె ఫ్రాంక్, 1994లో వచ్చింది. రెండోది ఈ పేపర్ల పిల్ల కథ. అది జనం ముందుకు వచ్చింది 1999లో. అప్పటికి ఆయన లేడు, 1998 జులైలో పారిస్‌లో పోయాడు. రాళ్లు కొట్టే ఆడమనిషి గురించి అనుకున్న మూడోది తీయనే లేదు. ఉన్న రెండూ ఒక్కొక్కటి 45 నిమిషాలు.

ముందు సిలి గురించి చెప్పాలి.

సిలి లామ్ పదీ పన్నెండేళ్ల పిల్ల. కాళ్లు సరిగ్గా పనిచేయవు, రెండు చంకకర్రల మీద నడుస్తుంది. ఊరి చివర టొమాటో బస్తీ అని పిలిచే గుడిసెల నుంచి పొద్దున్నే బయల్దేరి, పెద్ద రోడ్డు పట్టుకుని డాకర్‌లోకి వస్తుంది. చూపు లేని నాయనమ్మ అక్కడ వీధిలో కూర్చుని పాడుతుంది, వచ్చే పోయే వాళ్లు పైసలు వేస్తారు. ఒక రోజు పేపర్ల కట్టలు పట్టుకుని ఉరికే మగపిల్లలు సిలిని తగిలి పడేస్తారు. ఆ పడిన చోటే పిల్ల మనసులో ఒకటి గట్టిపడుతుంది. మగపిల్లలు చేసే పని ఆడపిల్లలు ఎందుకు చేయరు? తెల్లారి పోయి నేనూ పేపర్ అమ్ముతా అంటుంది.

వాళ్లు 13 కాపీలు ఇస్తారు. నేను ఆ అంకె దగ్గర బిడ్డను ఆపమన్నాను. ఎందుకంటే కొత్తగా వచ్చిన పోరడికి నేను కూడా 15 కంటే ఎక్కువ ఇవ్వను. వాడు అమ్ముతాడో లేదో తెలియదు, మిగిలిన రిటర్న్ నా నెత్తిన పడుతుంది. ఆ ఇచ్చేవాళ్ల ముఖంలో జాలి ఉండదు, చిరాకూ ఉండదు. లెక్క చూసి కట్ట చేతిలో పెడతారు. ఆ చూపు నాకు తెలుసు. నన్ను మొదటి రోజు అట్లాగే చూశారు.

తర్వాత ఒక మంచి బట్టలేసుకున్న పెద్దమనిషి ఒక్కసారే అన్ని కాపీలూ కొని పెద్ద నోటు ఇచ్చి పోతాడు. పిల్ల చేతిలో అంత పెద్ద నోటు చూసి పోలీసుకు అనుమానం వస్తుంది. ఇక్కడ మన సినిమా అయితే ఏడుపు మొదలయ్యేది, వెనక వయొలిన్ వచ్చేది. సిలి ఏడవదు. నడువు ఠాణాకు పోదాం అంటుంది. పోయి అధికారి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. అంతటితో ఆగదు. బజార్లో దొంగతనం పేరు పెట్టి పట్టుకొచ్చిన ఒక ఆడమనిషి అక్కడ ఉంటుంది, ఆమెను కూడా విడిపించుకుని వస్తుంది. చిల్లర అడిగినంత మామూలుగా న్యాయం అడుగుతుంది. సినిమా మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఆ గొంతే. ఆ పాత్ర వేసిన పిల్ల పేరు లిసా బలేరా. ఆమె నటిస్తోంది అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

సంపాదించిన మొదటి పైసలతో ఏం చేస్తుందో చూడండి. ఎండలో కూర్చునే నాయనమ్మకు గొడుగు కొంటుంది. దారిలో అడుక్కునే వాళ్లకు ఇస్తుంది. పసుపు గౌను వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చక్రాల కుర్చీలో ఉన్న ఒక అబ్బాయి టేప్ రికార్డర్ పాటకు చంకకర్రల మీదే ఎగురుతుంది. సంగీతం మాంబెటీ తమ్ముడు వాసిస్ జోప్‌ది. మా చేర్యాల బొమ్మల పటాల్లో నేల అంతా ఎరుపు ఉంటుంది, ఆ ఎరుపు మీద బొమ్మ తర్వాత బొమ్మ వస్తూ కథ నడుస్తుంది. ఈ సినిమాలో ఆ పని పసుపు చేసింది. డాకర్ దుమ్ము రంగు వీధుల్లో ఆ పసుపు గౌను ఎక్కడుందో మన కన్ను వెతుక్కుంటూ పోతుంది.

పేపర్ల పిల్లల్లో అడ్డాల గొడవ ఉంటుంది. ఎవరి సిగ్నల్ వాళ్లది, ఎవరి బస్సులు వాళ్లవి. సిలి అమ్మడం మొదలుపెట్టాక ఆ మగపిల్లల గుంపు ఆమె మీద పడుతుంది. దీన్ని నేను చూడలేకపోయాను, లేచి నీళ్లు తాగి వచ్చాను. 1992లో బస్టాండ్ లోపల నాలుగు కాపీలు ఎక్కువ అమ్ముదామని పోతే, నాకంటే పెద్దవాళ్లు ఇద్దరు కొట్టి కట్టను మురికి నీళ్లలో వేశారు. అప్పటి మా ఏజెంట్ ఆ తడిసిన 20 కాపీల పైసలు నా జీతంలో కోసుకున్నాడు. కొట్టిన దెబ్బలు మర్చిపోయాను గానీ ఆ కోత మర్చిపోలేదు.

అయితే సిలికి బాబు సెక్ అని ఒక స్నేహితుడు దొరుకుతాడు. వాడు అమ్మేది వేరే పత్రిక, సూద్. అది జనం పత్రిక, నీది ప్రభుత్వం పత్రిక, సూద్ ఎక్కువ అమ్ముడుపోతుంది అంటాడు. సిలి ఆలోచించి, అయినా నేను సోలెయే అమ్ముతా, ప్రభుత్వం జనానికి దగ్గరికి రావాలి కదా అన్న అర్థం వచ్చే మాట అంటుంది. ఇన్నేళ్లలో ఏ పేపర్ ఎందుకు అమ్మాలి అని నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కమీషన్ ఎంత, డిపాజిట్ ఎంత అని మాత్రమే అడిగాను. చిన్నపిల్ల నోటి నుంచి ఆ మాట విన్నప్పటి నుంచి పొద్దున కట్టలు విప్పేటప్పుడు అది గుర్తుకొస్తోంది.

సినిమా అయ్యాక మా ఇంటామె ఒకటే అడిగింది. "మన దగ్గరికి ఆడపిల్ల వస్తే పెట్టుకుంటవా?" 2009లో ఒక అమ్మాయి అన్నతో కలిసి వచ్చింది. లైన్ వేస్తా, సైకిల్ వచ్చు అంది. చీకట్లో కుక్కలుంటాయి, తాగినోళ్లుంటరు, ఏమన్నా అయితే మీ నాయినకు నేనేం చెప్పాలి అని పంపించేశాను. అన్నను పెట్టుకున్నాను. వాడు రెండు నెలలకు మానేశాడు. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు వస్తే పెట్టుకుంటాను. సుబేదారి వైపు వీధి దీపాలున్న లైన్ ఇస్తాను.

బస్టాండ్ దగ్గర పుస్తకాల డబ్బా నడిపే నా పాత దోస్తుకు ఎడమ కాలు పోలియోతో పోయింది. అతనికి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సినిమా మొత్తంల ఎవ్వలూ ఆ పిల్లను కాలికేమైంది అని అడగలే. నన్ను రోజుకు ఇద్దరన్న అడుగుతరు." నేను రెండుసార్లు చూసి కూడా దాన్ని గమనించలేదు. మాంబెటీ ఆ పిల్ల కాలికి కథ పెట్టలేదు. కర్రలు ఆమె నడక, అంతే. పేదవాళ్ల మీద తీసిన సినిమాలు నేను చాలా చూశాను. వాటిలో తీసినవాడు రోడ్డు అవతల నిలబడి చూస్తుంటాడు. ఈయన గుంపులో నిలబడి కథ చెప్తున్నాడు. కథలో జాలికి చోటు ఉండదు. వీరుడుంటాడు, వాడికి ఆపద వస్తుంది, వాడు దాన్ని దాటాలి. మా ఒగ్గు కథల్లోని బీరప్పకైనా అంతే, సిలికైనా అంతే.

ఇక లె ఫ్రాంక్. ఇందులో వీరుడు మారిగో. కొంగొమా అని పెట్టెలాంటి వాద్యం ఉంటుంది, ఇనుప పట్టీలను వేళ్లతో మీటుతారు. మారిగో అది వాయించి బతికేవాడు. అద్దె కట్టలేదని ఇంటి ఓనరమ్మ ఆ వాద్యాన్ని తీసుకుని పెట్టుకుంది. ఆ రోజుల్లోనే వాళ్ల డబ్బు విలువ సగానికి పడింది. ఇది నిజంగా జరిగింది. 1994 జనవరిలో పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో నడిచే సీఎఫ్ఏ ఫ్రాంక్ విలువను ఒక్క దెబ్బతో సగం చేశారు. అంతకుముందు 50 సీఎఫ్ఏ ఫ్రాంకులకు ఒక ఫ్రెంచ్ ఫ్రాంక్ వచ్చేది, ఆ రోజు నుంచి 100 పెట్టాలి. బయటి నుంచి వచ్చే బియ్యం, మందులు అన్నీ పిరమైపోయాయి. రాత్రికి రాత్రే జేబులో ఉన్నది సగం అయితే ఎట్లుంటదో మనకు చెప్పనక్కర్లేదు. 2016 నవంబర్ 9 పొద్దున నా దగ్గర ఒక్క కాపీ మిగలలేదు, జనం బండిల్ విప్పకముందే వచ్చి నిలబడ్డారు. కానీ ఆ నెల వసూళ్లకు పోతే ప్రతి తలుపు దగ్గరా పాత 500 నోటే చూపించారు. రెండు నెలలు ఏజెన్సీ బకాయి కట్టలేకపోయాను. ఆ టెన్షన్‌లో నాకు బీపీ వచ్చింది. మారిగో ముఖంలో ఆ నెల నా ముఖం కనబడింది.

మారిగో ఒక మరుగుజ్జు మనిషి దగ్గర లాటరీ టికెట్ కొంటాడు. సెనెగల్‌లోని వోలోఫ్ జనం కథల్లో కూస్ అని ఒక మరుగుజ్జు ఉంటాడు, వాడు కనికరిస్తే సిరి వస్తుందని నమ్మకం. అందుకే ఆ టికెట్ అమ్మేవాడు మామూలు మనిషిలా అనిపించడు. టికెట్ పోకుండా ఉండాలని మారిగో దాన్ని తలుపుకు జిగురుతో అంటించి, పైన యాదికోన్ బొమ్మ అతికిస్తాడు. యాదికోన్ సెనెగల్ జనం చెప్పుకునే మంచి దొంగ, తెల్లవాళ్ల దుకాణాలు దోచి పేద పిల్లలకు పంచేవాడట. మన పండుగ సాయన్న కథ విన్నవాళ్లకు ఆయన కొత్తవాడు కాదు. టికెట్‌కు బహుమతి తగులుతుంది. తలుపు నుంచి ఊడి రాదు. తలుపే పీకి నెత్తిన పెట్టుకుని మారిగో డాకర్ మీదికి బయల్దేరతాడు.

ఈ సినిమా చూసిన రాత్రి మామూలుది కాదు. మా మేనమామ ఒగ్గు కథకుడు. ఆయనకు 70 దాటాయి. కళ్ల ఆపరేషన్ కోసం మా ఇంట్లో వారం ఉన్నాడు. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, అడిగి తెచ్చిన చిన్న ప్రొజెక్టర్‌తో వేశాం. మామ, మా ఇంటామె, నా దోస్తు, మా లైన్ పోరగాళ్లు 9 మంది. సినిమాలో మాట్లాడేది వోలోఫ్, మధ్యమధ్య ఫ్రెంచ్. కింద అక్షరాలు ఇంగ్లిష్‌లో. పోరగాళ్లలో ఇద్దరికి తప్ప ఎవరికీ అంత వేగంగా చదవడం రాదు. మా బిడ్డ మామ చెవిలో అర్థం చెప్పడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు విని, మామ లేచి దుప్పటి పక్కన నిలబడ్డాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. "ఇనున్రి పిలగాండ్లూ" అన్నాడు. ఆ తర్వాత 45 నిమిషాల సినిమా గంటన్నర అయింది.

"ఆపు బిడ్డా" అంటాడు, బొమ్మ ఆగుతుంది. "చూసిన్రా, బోనం ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నడు తలుపును. నడుము వంగలేదు." మళ్లీ నడిపించమంటాడు. ఓనరమ్మ గొంతు ఒకటి, మారిగో గొంతు ఒకటి, మరుగుజ్జు గొంతు ఒకటి, మూడూ ఆయనే. పోరగాళ్లు ఊ కొడుతున్నారు. ఎవరూ చెప్పలేదు కొట్టమని. మామూలు సినిమాను ఇట్లా మాటిమాటికి ఆపితే చచ్చిపోతుంది. ఇది చావలేదు. కథ చెప్పేవాడు మధ్యలో ఆగి, చెంబెడు నీళ్లు తాగి, ముందు కూర్చున్నవాణ్ని పలకరించి, మళ్లీ ఎత్తుకున్నా తెగకుండా ఉండాలి అని ఒగ్గులో ఒక కొలత ఉంది. లె ఫ్రాంక్ ఆ కొలతకు నిలబడింది.

ఆ రాత్రి మామ పట్టుకున్న ఇంకో సంగతి. ఒగ్గు కథలో సామాను ఉండదు. డోలు, తాళాలు, ఒగ్గు, ఒక తువ్వాల. ఆ తువ్వాలను చుట్టి చంకన పెట్టుకుంటే పసిబిడ్డ, బిగించి పట్టుకుంటే కత్తి, నెత్తిన కప్పుకుంటే ఆడమనిషి. మాంబెటీకి ఆ తువ్వాల తలుపు. మొదట అది టికెట్ దాచిన పెట్టె. తర్వాత దేవుడి పటం. ఊళ్లోకి వచ్చేసరికి మోయలేని బరువు. లాటరీ ఆఫీసులో, టికెట్ వెనక అంకె చూడాలి, ఊడదీసి తీసుకురా అంటారు. అప్పుడు మారిగో దాన్ని సముద్రానికి మోసుకుపోతాడు, నీళ్లలో నానితే ఊడుతుందని. అక్కడ అల వస్తుంది. తర్వాత ఏమవుతుందో చెప్పినా నష్టం లేదు, మల్లన్న కథ తెలియనోళ్లు ఎవరూ మల్లన్నకు ముగ్గు పట్నాలు వేసే రాత్రి కూర్చోరు, అయినా తెల్లారేదాకా కూర్చుంటారు. కానీ మీరు మారిగో నుదురును చూసే ఆ క్షణం మీకే వదిలేస్తున్నాను. మా పోరగాళ్లు లేచి అరిచారు.

పశ్చిమ ఆఫ్రికాలో కథ చెప్పడం కులవృత్తిగా ఉన్నవాళ్లను గ్రియో అంటారు. వోలోఫ్ మాటలో గెవెల్. పెళ్లికి, పేరు పెట్టడానికి, చావుకు వచ్చి వంశాల పేర్లు పాడతారు, మన దగ్గర కులపురాణాలు చెప్పేవాళ్లలాగే. మాంబెటీ పుట్టుకతో ఆ కులంవాడు కాదు. కానీ సినిమా తీసేవాడి పని గ్రియో పనే అని నమ్మి ఆ మాట బయటికే చెప్పాడు. ఇది మామకు చెప్తే తల ఊపాడు. ఒగ్గు కురుమలది, గొల్లలది. బయటివాళ్లు నేర్చుకున్నా ఊరు ఒప్పుకోవడానికి కాలం పడుతుంది. "ఒప్పుకున్నరా మరి వాళ్ల ఊరోళ్లు?" అని అడిగాడు. డాకర్ జనం ఆయన్ను తమవాడిగానే చెప్పుకుంటారు అని బిడ్డ చెప్పింది.

సిలి సినిమా చివర ఒక మాట వస్తుంది. వోలోఫ్ పెద్దలు కథ ముగించేటప్పుడు చెప్పే మాట అది: కథ ఇక్కడి నుంచి పోయి సముద్రంలో పడింది, దాని వాసన ముందు పీల్చినవాడు స్వర్గానికి పోతాడు. మొదలుపెట్టడానికీ ఒక మాట ఉంటుంది. చెప్పేవాడు "లేబోన్" అంటే వినేవాళ్లు "లిప్పోన్" అనాలి, అనకపోతే కథ కదలదు. మన ఊ లాంటిదే. మన కథ కంచికి పోతుంది, మనం ఇంటికి పోతాం. వాళ్ల కథ సముద్రానికి పోతుంది. మా అవ్వ కథ చెప్పి కంచికి అన్నప్పుడు, కంచి ఎక్కడుంది అవ్వా అని అడిగేవాణ్ని. దూరం బిడ్డా, పండుకో అనేది. ఆ చివరి మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆ మాటకు ముందు వచ్చే చివరి దృశ్యం కూడా చెప్పాలి. మగపిల్లలు సిలి చంకకర్ర ఎత్తుకుపోతారు. ఇప్పుడేం చేద్దాం అని బాబు అడిగితే, కొనసాగిద్దాం అంటుంది. వాడు ఆమెను వీపున ఎక్కించుకుని నడుస్తాడు. అడ్డా పిల్లలు పక్కకు జరిగి దారి ఇస్తారు. ఆ నడకను మాంబెటీ కత్తిరించకుండా సాగనిచ్చాడు. మా పోరగాళ్లు అక్కడ అరవలేదు. చడీచప్పుడు లేదు.

లోపాలు ఉన్నాయి. లె ఫ్రాంక్ నడిమి భాగం ఒకే చోట తిరుగుతుంది. తలుపు మోస్తూ పోవడం, పట్నం చెత్తకుప్పలు, మళ్లీ తలుపు. సాక్సోఫోన్ కూడా అవసరానికి మించి వినబడుతుంది. మామ లేకపోతే నేను అక్కడ రెండు నిమిషాలు కునుకు తీసేవాణ్నేమో. మారిగో కలలూ నిజమూ కలిసిపోయే చోట్ల ఏది ఏదో మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. సిలి సినిమాలో వీధి పిల్లలు ఒకరిద్దరు కెమెరా వైపు చూస్తారు. నాకు అది తప్పనిపించలేదు, బిడ్డకు అనిపించింది. సబ్‌టైటిళ్ల తెల్ల అక్షరాలు తెల్ల ఇసుక మీద, ఎండ మీద కనబడవు. చూసేవాళ్లలో ఇంగ్లిష్ వేగంగా చదవగలిగినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. రెండింటిలో ఒకటే చూసే సమయం ఉంటే సిలిని చూడండి. రెండూ చూస్తే ముందు లె ఫ్రాంక్, తర్వాత సిలి. ఆయన అనుకున్న వరస అదే.

ఆయన 1968లో తీసిన మొదటి చిన్న సినిమా కాంట్రాస్ సిటీ కూడా బిడ్డ తెచ్చింది. 21 నిమిషాలు. డాకర్ కట్టడాలనూ ఫ్రెంచివాళ్ల పోకడలనూ వెక్కిరిస్తుంది. బాగుంది గానీ అందులో నేను పట్టుకోవడానికి మనిషి లేడు. పాత రీళ్లను కొన్నేళ్ల కింద శుభ్రం చేసి కొత్త ప్రతులు తీశారు, చూస్తే అవే చూడండి. పాత వీడియో ప్రతిలో పసుపు మట్టి రంగైపోయింది, ఆ పసుపు పోతే సినిమాలో సగం పోయినట్టే. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో కూర్చుని చూడొచ్చు. కొట్టుకునే దృశ్యాలు ఉన్నాయి, రక్తం లేదు.

మామ ఆపరేషన్ అయ్యి ఊరికి పోయాడు. సంక్రాంతి తర్వాత, కొమురవెల్లి జాతర రోజుల్లో, మా పక్క ఊళ్లో ఒకరి ఇంట పట్నాలు వేస్తే నేను పోయాను. పసుపు కుంకుమలతో ముగ్గు నిండింది, మామ మల్లన్న కథ ఎత్తుకున్నాడు. అర్ధరాత్రి దాటాక జనం కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ వేళకు కథకుడు పిట్టకథ ఒకటి వేస్తాడు. డోలు ఆపించి, తువ్వాల రెండు చంకల కింద కర్రల్లా పట్టుకుని, మామ కుంటుకుంటూ ముగ్గు చుట్టూ తిరిగాడు. "సముద్రం ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంల సూర్యున్ని అమ్ముకునే పిల్ల ఒకతి" అన్నాడు. జనం లేచి కూర్చున్నారు. 13 కాపీలు, పోలీసు, గొడుగు, అన్నీ వచ్చాయి. పసుపు గౌను పసుపు లంగా అయింది. కర్ర ఎత్తుకుపోయే చోట ముందు వరసలో ఒక ముసలామె, "ఏ ఊరి పిల్లయ్యా?" అని గట్టిగా అడిగింది.

"డాకరు, అవ్వా."

ఆమె కొంగు ముడి విప్పి 20 రూపాయల నోటు తీసి ముగ్గు దగ్గర పెట్టింది. ఆ పిల్లకు కర్ర కొనియ్యున్రి అంది. మామ ఆ నోటును మిగతా కట్నాల్లో కలపలేదు. విడిగా మడిచి నా చేతిలో పెట్టాడు, ఇది మీ బిడ్డకియ్యి అని.